సర్జరీ పోస్టింగులో బాబాయ్

మన మెడికల్ కాలేజీ బ్యాచ్ సంచికకు ఏదో ఒకటి రాయాల్సిందేనని, మనమంతా బాబాయ్ అని పిలుచుకునే మన క్లాస్‌మేట్ కమిటీ తరఫున పట్టుబట్టాడు కాబట్టి, అతడి సంగతే రాస్తున్నాను; అభ్యంతరముంటే సంపాదకుడి హోదాలో కొట్టేసుకోవచ్చు. అనాటమీ హాలు, మెస్సు సమ్మె, యానాం యాత్ర గురించి మిగతావారు ఎలాగూ రాస్తారు. నాకు హౌస్ సర్జన్సీలోని సర్జరీ పోస్టింగు చాలు.

అంబాజీపేట వైపు నుంచి వచ్చిన కొబ్బరి దింపు కార్మికుడికి గజ్జల్లో హెర్నియా. అంగీకార పత్రం మీద వేలిముద్ర పడింది, మర్నాటి ఆపరేషన్ లిస్టులో పేరూ ఎక్కింది. రౌండ్సులో చీఫ్ గారు కేస్ షీటు తెరవకుండా, "రేపు మీకేం చేస్తారో తెలుసా అండీ?" అని అతన్నే అడిగారు.

"ఆయ్, ఏదో కోత్తారంటండి."

వెనక వరుసలో నవ్విందెవరో మనందరికీ తెలుసు. చీఫ్ గారు లిస్టులోంచి ఆ పేరు తీయించి, మంచం పక్కకు స్టూలు లాగి బాబాయ్‌ని కూర్చోబెట్టి, "ఆయన నీకు తిరిగి చెప్పగలిగేదాకా లేవకు" అన్నారు. పేగు ఎక్కడి నుంచి జారుతోందో, నడుముకిచ్చే మత్తు ఎలా ఉంటుందో, ఆపరేషన్ వాయిదా వేస్తే ఏమవ్వొచ్చో బాబాయ్ చెమటలు కక్కుతూ చెప్పాక, మళ్లీ చెట్టెక్కడానికి ఎన్నాళ్లు పడుతుందని మాత్రమే అతడు అడిగాడు. మన పుస్తకాల్లో కొబ్బరి చెట్టు లేదు. కొన్నాళ్లపాటు బరువు పని కూడదని తెలిశాక, కూతురి పెళ్లి చేసి వస్తానన్నాడు. ఏ లక్షణాలు కనిపిస్తే క్షణం ఆగకుండా రావాలో చెప్పి పంపించారు. బాబాయ్ మొహం మాడిపోయింది కానీ, చీఫ్ గారు మాత్రం ఆ రోజంతా హుషారుగా ఉన్నారు. పెళ్లయ్యాక అతడు వచ్చి, బాబాయ్‌ని వెతికి పట్టుకుని మరీ చేరాడు.

రోగనిర్ధారణ పరీక్షకు ఇచ్చిన అంగీకారం గర్భసంచి తీయడానికి చెల్లదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు, మన బ్యాచ్ వాళ్లకు అందులో కొత్తేమీ కనిపించి ఉండదు.

రోగిని పంపినందుకు ముట్టజెప్పే రిఫరల్ కమిషన్ ఇవ్వడాన్నీ పుచ్చుకోవడాన్నీ 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి నిషేధించినా, మన డెల్టాలో ప్రాక్టీసు పెట్టిన ఎవరికి వాటా బేరం ఎదురుకాలేదు? నేను ఇవ్వలేదు, మొదట్లో ఓపీ పలచబడింది, నర్సింగ్‌హోం అప్పు నెమ్మదిగా తీరింది, తీరడం మాత్రం తీరింది. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో నైతికతకు ఏట్‌కామ్ అనే ప్రత్యేక మాడ్యూలే ఉంది, అందువల్ల నా దగ్గర చేరే కొత్త డాక్టర్లు సూత్రాలన్నీ గడగడ అప్పజెబుతారు. అప్పజెప్పడం వేరు, పాటించడం వేరని నా అనుమానం. పోయినేడు వారిలో ఒకమ్మాయి, స్కానింగ్ సెంటరు పంపిన కవరును, ఆ మొత్తాన్ని రోగి బిల్లులో తగ్గించమని పైన రాసి తిప్పి పంపింది. తగ్గించారు కూడా, ఆ ఒక్కసారికి.