ఇజ్యూ ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు

సొంత కారు లేకుండా ఫ్రాన్స్‌లోని లియాన్ నుంచి ఇజ్యూ అనే పల్లెకు వెళ్లడం పెద్ద తలనొప్పి. పార్‌ద్యూ స్టేషన్లో రైలెక్కి వీర్యూలో దిగాను. ఆ పూట బస్సు దొరకలేదు, ఇక టాక్సీయే గతి. రైలు టికెట్‌కి ఎన్నో రెట్లు దానికే పోయింది, వెయిటింగ్ చార్జీ వేరే. దారి పొడవునా విసుక్కుంటూనే ఉన్నాను.

ఇల్లు కొండవాలు మీద ఉంది. ముందు ఫౌంటెన్, కింద రోన్ నది లోయ. రెండో ప్రపంచ యుద్ధంలో తల్లిదండ్రులకు దూరమైన యూదు పిల్లలు ఇక్కడ తలదాచుకున్నారు. 1944 ఏప్రిల్ 6న లియాన్‌లో గెస్టపో (నాజీల రహస్య పోలీసు) అధికారి క్లాస్ బార్బీ పంపిన మనుషులు వచ్చి 44 మంది పిల్లల్ని, 7గురు పెద్దల్ని లారీల్లో ఎక్కించుకుపోయారు. పిల్లల్లో ఒక్కరూ తిరిగిరాలేదు. ఆ రోజే బార్బీ ఈ సంగతి చెబుతూ తన పేరుతో పారిస్‌కు టెలిగ్రామ్ కొట్టాడు.

తరగతి గది, పిల్లలు రంగు పెన్సిళ్లతో వేసిన బొమ్మలు చూసుకుంటూ ఫోటోల దగ్గరికి వచ్చాను. బెంగిగి అన్నదమ్ములు ముగ్గురు: జాక్, రిషార్, జాన్-క్లోద్. చిన్నవాడికి ఐదేళ్లు. అక్కడినుంచి కాళ్లు కదల్లేదు. నేను ఇంత దూరం వచ్చిందే వాళ్లమ్మ కోసం.

ఫోర్చునే బెంగిగిని 1943లోనే నాజీల ఆష్విట్జ్ మరణ శిబిరానికి తీసుకెళ్లారు. ఆమె ప్రాణాలతో తిరిగొచ్చింది, పిల్లలు లేరు. బార్బీని యుద్ధం తర్వాత అమెరికా సైనిక నిఘా విభాగం వాడుకుని, 1951లో బొలీవియాకి దాటించింది. 1971లో జర్మనీలోని మ్యూనిక్ ప్రాసిక్యూటర్లు అతని మీద కేసు మూసేశారు. అప్పుడు ఈ తల్లి, నాజీ నేరస్థుల్ని వెతికి పట్టించే బేయాటె క్లార్స్‌ఫెల్డ్‌తో కలిసి మ్యూనిక్ వెళ్లి, నా పిల్లల్ని చంపినవాడి కేసు తెరిచేదాకా తిండి ముట్టనని అట్ట మీద రాసి పెట్టుకుని కూర్చుంది. కేసు మళ్లీ తెరిచారు. మరుసటి ఏడు ఇద్దరు ఆడపిల్లల్ని ఇదే ఇంట్లో పోగొట్టుకున్న ఇటా హలాన్‌బ్రెనర్ బేయాటెతో బొలీవియాలోని లా పాజ్ దాకా వెళ్లి, నడివీధిలో బెంచీకి గొలుసులతో కట్టేసుకుంది.

మన ప్రజావాణిలో అర్జీ పట్టుకుని సోమవారం సోమవారం వచ్చే తల్లులు గుర్తొచ్చారు. ఫైళ్లు, పోలీసులు, నిఘా సంస్థలు అన్నీ ఉన్న ప్రభుత్వాలు చేయాల్సిన పని ఇది. కన్నవాళ్లు ఎండకీ వానకీ రోడ్డున కూర్చుంటే తప్ప ఎవరూ కదలరా? టాక్సీ మీటర్ మీద కోపం పోయి ఈ కోపం పట్టుకుంది.

లియాన్ తిరిగొచ్చాక సోన్ నది ఒడ్డున ఇరవై నాలుగు స్తంభాల కోర్టు ముందు ఆగాను. 1983లో బొలీవియా బార్బీని అప్పగించింది, 1987లో ఇక్కడే విచారణ జరిగింది. మూడో రోజుకే ఇక కోర్టుకు రానని మొండికేశాడు. ఇజ్యూ తల్లులు సాక్ష్యం చెప్పారు, ఆ టెలిగ్రామ్ కూడా సాక్ష్యమైంది. జూలై 4న యావజ్జీవం పడింది. నలభై మూడేళ్లు పట్టింది.