జాబితా లేనిచోట నమూనా: సినాప్సిస్ ఆమోదంలో నా అనుభవం

సమాజశాస్త్రంలో పీహెచ్‌డీకి నేను సమర్పించిన సినాప్సిస్‌కు, అంటే పరిశోధన ప్రణాళికకు, ఎట్టకేలకు నిన్న ఆమోదం లభించింది. ప్రవేశ పరీక్ష, కోర్సువర్క్ సాఫీగానే గడిచాయి. పరిశోధనా పద్ధతుల పేపరులో మా బ్యాచ్‌లో నాకే అత్యధిక మార్కులు వచ్చాయి. నన్ను ఏడిపించింది కమిటీ సమావేశం.

నా అంశం నిజామాబాద్ జిల్లాలో ఇళ్లలో బీడీలు చుట్టే స్త్రీల ఆదాయం. ఒకరి ద్వారా మరొకరిని చేరుకునే స్నోబాల్ నమూనాను, లోతైన ఇంటర్వ్యూలను ఎంచుకున్నాను. నేను రెండో స్లైడు దాటకముందే ఒక సభ్యులు ఆపి, మూడు వందల మందిని యాదృచ్ఛిక నమూనాగా తీసుకుని ప్రశ్నావళి నింపించకపోతే అది పరిశోధనే కాదన్నారు. "ఊళ్లో ముచ్చట్లు రాసుకొస్తే డాక్టరేట్ ఇస్తారా అమ్మా?" అని అందరి ముందూ అడిగి, నా జవాబు వినకుండానే ఫైలు మూసేశారు.

ఆ జవాబు కొత్త పరిశోధకుల కోసం ఇక్కడ చెబుతున్నాను. యాదృచ్ఛిక నమూనా అంటే చేతికి దొరికినవారిని ఏరుకోవడం కాదు. అధ్యయనం చేయదలచినవారందరి జాబితా ముందుగా ఉండాలి, అందులోని ప్రతి పేరుకూ ఎంపికయ్యే అవకాశం ఉండాలి. బీడీ పనిలో ఆ జాబితా పీఎఫ్ ఉన్నవారితోనే ఆగిపోతుంది. అత్త పేరున పీఎఫ్ ఉన్న ఇంట్లో కోడలూ కూతురూ కూడా చుడతారు, కానీ వారి పేర్లు ఏ రికార్డులోనూ కనిపించవు. ఇక "నెలసరి ఆదాయం" అన్న గడిలో ఏ అంకె వేయాలి? కంపెనీ ఇచ్చిన తునికాకు చాలక బయట కొన్న ఖర్చు, బాగాలేవని పక్కన పడేసిన బీడీలకు దక్కని కూలి, పని ఇవ్వని రోజులు లెక్కలోకి వస్తే గాని ఆదాయం తేలదు. ఆమె చేట ముందు కూర్చుని ఆకు కత్తిరిస్తుండగా పక్కనే కూర్చుని అడిగితే అవన్నీ ఒక్కొక్కటిగా చెబుతుంది. ఊళ్లో ఉండి చేసే అధ్యయనం మనకు కొత్తదేమీ కాదు, సామాజిక మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే ఉస్మానియా బృందంతో హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట గ్రామాన్ని అధ్యయనం చేసి, 1955లోనే పుస్తకం ప్రచురించారు.

మా గైడు సలహాతో, ఒక వాడలో ఇంటింటికీ తిరిగి చుట్టేవారందరి జాబితాను నేనే తయారుచేస్తానని చేర్చి, ఈ కారణాలన్నీ రాసి మళ్లీ సమర్పించాను. ఈసారి వేరే నిపుణులు వచ్చారు, పూర్తిగా విన్నారు, సంతకం చేశారు. మీ కమిటీలో ఎవరైనా నోటిమాటగా అభ్యంతరం చెబితే, దాన్ని మినిట్స్‌లో, అంటే సమావేశపు అధికారిక నమోదులో, రాయమని మీ గైడు చేత తప్పకుండా అడిగించండి; రాతలో ఉన్నదానికే మీరు రాతపూర్వకంగా జవాబివ్వగలరు.