"తటం అంటే?"

తెలుగు మీడియంలో, పొలిటికల్ సైన్స్ ఆప్షనల్‌తో సివిల్స్‌కి ప్రిపేరవుతున్న రోజులవి. ఒక టెస్టులో అలీన విధానం గురించి అడిగితే "అమెరికా, సోవియట్ కూటముల మధ్య భారత్ పాటించిన తటస్థత" అని రాశాను. పేపర్ దిద్దిన సార్ ఆ చివరి మాట చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన "తటం అంటే?" అని రాశారు.

తటం అంటే గట్టు. తటస్థుడంటే గట్టున నిలబడ్డవాడు. అలీనం అంటే లీనం కాకపోవడం. అంటే ఏట్లోకి దిగొచ్చు, ఈదొచ్చు, కానీ ఎవరిలోనూ కలిసిపోకూడదు. ఇన్నాళ్లూ రెండూ ఒకటే అనుకున్నందుకు బాధేసింది.

మళ్లీ మొదటినుంచి చదివాను. కొరియా యుద్ధానికి మనం పోరాడే సైన్యాన్ని పంపలేదు, వైద్య దళాన్ని పంపాం. 1953లో యుద్ధం ఆగాక, సొంత దేశానికి వెళ్లబోమన్న 22 వేలకు పైగా యుద్ధ ఖైదీలకు కాపలా కాసింది మన జవాన్లే. ఆ వ్యవహారం చూసిన ఐదు దేశాల కమిషన్‌కి జనరల్ తిమ్మయ్య అధ్యక్షుడు. కమిషన్ పేరులో 'తటస్థ దేశాలు' అనే ఉంది గానీ, అది గట్టున నిలబడి చేసే పని కాదు.

1961 సెప్టెంబరులో అలీన దేశాల మొదటి సదస్సు కోసం యుగోస్లావియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో 25 దేశాలు కలిశాయి. ఎవరిని పిలవాలో అంతకుముందు జూన్‌లోనే కైరోలో షరతులు రాసుకున్నారు. నాకు అసలు అర్థం దొరికింది అక్కడే. అగ్రరాజ్యాల పోరు కోసం పుట్టిన సైనిక కూటమిలో చేరకూడదు, ఆ పోరుకి పనికొచ్చే స్థావరాలు ఇవ్వకూడదు, స్వాతంత్ర్య పోరాటాలకు మాత్రం అండగా ఉండాలి.

ఢిల్లీలో ఇంటర్వ్యూ రోజు టెన్షన్‌తో నోరు ఎండిపోయింది. ఇంటర్‌ప్రెటర్ ఉన్నారు కాబట్టి తెలుగులోనే చెబుతున్నాను. "1971 ఆగస్టు 9న సోవియట్‌తో ఒప్పందం చేసుకున్నాక కూడా మనది అలీన దేశమేనా?" అని బోర్డులో ఒకాయన అడిగారు. భారత్ అలీన విధానాన్ని గౌరవిస్తామని సోవియట్ నాలుగో అధికరణలో రాసిచ్చిందని చెప్పాను. దాడి ముప్పు వస్తే వెంటనే సంప్రదించుకోవాలని తొమ్మిదోది అంటుందే తప్ప, కలిసి యుద్ధం చేసి తీరాలని అనదని కూడా చెప్పాను.

"మరి హంగేరీ?" అన్నారు.

1956లో ఈజిప్టులోని సూయజ్ కాలువ కోసం బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ చేసిన దాడిని వెంటనే ఖండించిన నెహ్రూ, హంగేరీలోకి సోవియట్ ట్యాంకులు వెళ్లినప్పుడు తటపటాయించారు. అది తప్పేనని, దాన్ని సమర్థించలేనని చెప్పాను. ఆయన కాసేపు నావైపే చూసి, మా జిల్లా చెరువుల గురించి అడగడం మొదలుపెట్టారు.