ఏమనుకోకండి

పదకొండు దాటింది. పొద్దున్నే ఏడింటికి సెలూన్ షట్టర్ ఎత్తాలి. ఆదివారం కదా, నిలబడి నిలబడి పిక్కలు లాగేస్తున్నాయి. అయినా నిద్ర రానిది కాళ్ళ నొప్పికి కాదు, ఒక్క మాటకి.

"ఏమనుకోకండి సార్, కుర్రాడు నేర్చుకుంటున్నాడు."

అన్నది మా మాస్టారు. నా కుర్చీలో కూర్చున్న కస్టమర్‌తో అన్నారు. నేను పక్కనే ఉన్నాను. నా చేతిలో జుట్టు కత్తిరించే మిషన్ ఇంకా తిరుగుతూనే ఉంది.

సాయంత్రం ఐదున్నరకి షాపు నిండా జనం. ఒకాయన వచ్చాడు, ముప్ఫై లోపే ఉంటాడు. రేపు కాకినాడలో పెళ్ళిచూపులట, తొందరగా కావాలన్నాడు. మాస్టారి కుర్చీ ఖాళీ లేదు, నా దగ్గర కూర్చున్నాడు. సైడ్లు జీరో ఫేడ్, పైన కత్తెర అన్నాడు. ఫేడ్ అంటే కింద బాగా పొట్టిగా మొదలై, పైకి పోయేకొద్దీ కొంచెం కొంచెం పొడుగయ్యే కటింగ్. ఫేడ్ మొదలుపెట్టి నాకు మూడు వారాలే అయిందని ఈ బ్లాగు చదివేవాళ్ళకి తెలుసు. ఆయనకి తెలీదు. నేనూ చెప్పలేదు.

మెడకి పేపర్ చుట్టి, గుడ్డ కప్పి, తల తడిమి చూశాను. రెండు సుడులు. రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళంటారు, పెళ్ళిచూపులకి వెళ్తున్న మనిషితో ఆ మాట ఎందుకని ఊరుకున్నాను. సుడి దగ్గర వెంట్రుక దాని ఇష్టమొచ్చిన వైపు తిరుగుతుంది. అక్కడ పొట్టి చేస్తే లేచి నిలబడుతుంది. కాస్త పొడుగు వదిలెయ్యాలి. ఇది నాకు బాగా తెలుసు. తెలిసీ ఏం చేశానో తర్వాత చెప్తాను.

ఫేడ్‌లో కింద జీరోతో మొదలుపెడతాం. గార్డ్ అంటే మిషన్‌కి తగిలించే దువ్వెనలాంటి తొడుగు, ఎంత పొడుగు వదలాలో అదే చూసుకుంటుంది. జీరో మీద ఒకటో నంబర్ గార్డ్, అంటే 3 మిల్లీమీటర్లు. ఆ పైన రెండో నంబర్, 6 మిల్లీమీటర్లు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య గీత పడుతుంది. మిషన్ పక్కనున్న లివర్ కొంచెం తెరుస్తూ మూస్తూ ఆ గీతని చెరిపెయ్యాలి. మిషన్‌ని తిన్నగా పైకి తోసుకుంటూ పోకూడదు, గరిటెతో పప్పు తీసినట్టు చివర్లో బయటికి తిప్పాలి. సగంలో ఉన్నప్పుడు ఎవరు చేసిన ఫేడైనా చూడ్డానికి బాగుండదు. లప్పం పెట్టి రంగు వెయ్యని గోడలా ఉంటుంది.

సరిగ్గా అప్పుడే ఆయన, "వెనకాల ఒక ఫొటో తియ్యి, చూస్తాను" అన్నాడు. నా ఫోన్‌తోనే తీసి చూపించాను. చూశాడు. నాతో ఒక్క మాట కూడా అనలేదు. "మాస్టారూ, ఒకసారి మీరు రండి" అని కేకేశాడు.

మాస్టారు వచ్చి ఆ మాట అని, మిషన్ నా చేతిలోంచి తీసుకున్నారు. ఏడెనిమిది నిమిషాల్లో ముగించారు. నేను గుడ్డ దులిపాను, కింద జుట్టు ఊడ్చాను. చేరిన మొదటి రెండు నెలలూ చేసిన పని అదే, చీపురూ టవళ్ళూ. ఎనిమిది నెలల తర్వాత అంత మంది ముందు మళ్ళీ చీపురు పట్టుకున్నట్టయింది.

అంతే, ఇంకేం జరగలేదు. రాస్తుంటే చిన్న సంగతిలాగే ఉంది. కానీ అప్పట్నించి ఒకటే కోపం. సగంలో ఉన్న పని చూసి ఎవరైనా తీర్పు చెప్తారా? ఇంకో పది నిమిషాలు ఆగితే గీతలు చెరిగిపోయేవి. ఆయన సరే, ఆయనకి తెలీదు. మాస్టారికి తెలుసు కదా. "వాడు చేస్తాడు సార్, ఆగండి" అనొచ్చు కదా. నేర్చుకోవడం తప్పయినట్టు ఏమనుకోకండి అనడమేంటి?

ఆ మాట మా ఇంట్లో కొత్తది కాదు. మా తాత జీవితమంతా దానితోనే గడిచింది. కత్తులూ కత్తెరలూ ఉండే పొది చంకలో పెట్టుకుని రైతుల ఇళ్ళకి వెళ్ళేవాడు. ఏడాదికోసారి మేర కింద ధాన్యం కొలిచేవాళ్ళు. ఒక ఇంట్లో పని ఆలస్యమైతే ఇంకో ఇంటి వాకిట్లో నిలబడి "ఏమనుకోకండయ్యా" అనాలి. కత్తి సరిగ్గా తెగకపోతే ఏమనుకోకండి. మేర తక్కువొచ్చిందని అడగాల్సి వచ్చినా ముందు ఏమనుకోకండి. అరుగు మీద కూర్చున్నవాళ్ళకి కింద నిలబడి చెప్పే మాట అది. నాన్న మాత్రం సెంటర్లో సొంతంగా కొట్టు పెట్టి, కుర్చీ వేసి, అద్దం బిగించాక ఆ మాట మానేశాడు. బతిమాలడు, విసుక్కోడు. నేను డిగ్రీ అయ్యాక ఈ పని నేర్చుకుంటానంటే అమ్మ వారం రోజులు మాట్లాడకపోవడానికి కారణం కూడా ఆ మాటే అనుకుంటాను.

తాత గుర్తొస్తే పుష్కరాలు గుర్తొస్తాయి.

2015 జూలై, 14 నుంచి 25 దాకా. నాకు పదమూడేళ్ళు. తాతా నాన్నా రాజమండ్రిలో ఘాట్ దగ్గర గుండ్లు గీయడానికి వచ్చారు. నేను చెంబుతో నీళ్ళు అందించడానికి వచ్చాను. చెంబుతో నీళ్ళు పోసి, మునివేళ్ళతో మాడంతా రుద్దుతూనే ఉండాలి. నీళ్ళు తాగితేనే వెంట్రుక మెత్తబడుతుంది, బ్లేడు లాగదు. పొడి జుట్టు మీద కత్తి పెట్టినవాడు పనివాడే కాదనేవాడు తాత. అప్పటికే తాత నూరుకునే కత్తి మానేసి చాలా ఏళ్ళయింది. ఎయిడ్స్ భయం మొదలైన రోజుల్లో జనం కొత్త బ్లేడు వేస్తేనే కూర్చున్నారట. బ్లేడుని కాగితంతో సహా సగానికి విరిచి కత్తికి తగిలించడం నాకు అప్పటికే వచ్చు. వందల బ్లేడులు విరిచాను ఆ పన్నెండు రోజుల్లో.

అయిదో రోజో ఆరో రోజో తాతకి భుజం పట్టేసింది. వరస మాత్రం తరగడం లేదు. ఒక పెద్దాయన కూర్చున్నాడు, అనంతపురం నుంచి వచ్చాడు. తాత ఒక చుట్టు గీసి, భుజం పట్టుకుని, కత్తి నా చేతిలో పెట్టాడు. ఆయన్ని అడగలేదు, నన్నూ అడగలేదు. ఎడమ బొటనవేలితో చర్మం లాగి పట్టుకో, కత్తి పడుకోబెట్టి గియ్యి, అన్నాడంతే.

గీస్తుంటే ఆయన తనంతట తనే చెప్పాడు, కొడుక్కి పిండం పెట్టడానికి వచ్చానని. నాకేమనాలో తెలీలేదు. ఎడమ చెవి వెనక, ఎముక కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది చూడండి, అక్కడ కత్తి తగిలింది. నీళ్ళల్లో కలిసిన రక్తం చాలా ఎక్కువగా కనిపిస్తుంది. మెడ మీదుగా ఎర్రగా కారిపోతుంటే నా చెయ్యి ఆగిపోయింది. పక్క వరసలోంచి నాన్న పరిగెత్తుకొచ్చి పటిక అద్ది, కత్తి ఇటివ్వమన్నాడు. పెద్దాయన తల వంచుకునే చెయ్యి పైకెత్తాడు. "ఉండనీ నాయినా. పిల్లోడే కానిస్తాడు. నింపాదిగా కానీ."

కానిచ్చాను. అది నేను గీసిన మొదటి గుండు. లేచి వెళ్తూ యాభై రూపాయలు తాతకి కాకుండా నా చేతిలో పెట్టాడు.

సాయంత్రం నుంచీ ఆయన్నీ ఈ పెళ్ళికొడుకునీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఆయన రక్తం కారినా తల ఇచ్చాడు, ఈయన గీత కనబడితే కేకేశాడు. అలా రాద్దామనే ఈ టపా మొదలుపెట్టాను. కానీ ఇక్కడిదాకా వచ్చాక అది న్యాయం అనిపించడం లేదు. కొడుక్కి పిండం పెట్టబోయే మనిషికి తన తల ఎలా ఉంటుందోనన్న ధ్యాస ఎక్కడుంటుంది? ఈయన రేపు ఒక అమ్మాయి ముందు కూర్చోవాలి. నాకే పెళ్ళిచూపులుంటే మూడు వారాల కుర్రాడికి తల అప్పగిస్తానా?

ఇంకో సంగతి. ఆ ఫొటో నా ఫోన్లోనే ఉండిపోయింది. ఇందాక పెద్దది చేసి చూశాను. గీతల గురించి నేననుకున్నది నిజమే, అవి చెరిగేవే. కానీ ఎడమ చెవి వెనకనుంచి సుడి వైపు ఒకటో నంబర్ గార్డ్ వేలెడు పైదాకా పోయింది. కుడిచేతివాటం వాళ్ళకి ఆ వైపు చెయ్యి అడ్డం తిరుగుతుంది, బయటికి తిప్పాల్సిన చోట తిన్నగా తోసేశాను. సుడి కింద 3 మిల్లీమీటర్లు చేసేశాక దాన్ని పది నిమిషాల్లో కాదు, పది రోజుల్లో కూడా ఎవరూ సరిచెయ్యలేరు.

అప్పుడు వెలిగింది. మాస్టారు ఎడమ వైపు పెద్దగా ముట్టుకోలేదు. కుడి వైపు నేను బాగానే చేశానే, దాన్నెందుకు మళ్ళీ పైకి తీస్తున్నారని అక్కడ నిలబడి ఇంకా కోపం తెచ్చుకున్నాను. నా తప్పుకి జత కలపడానికి తీశారు. రెండు వైపులా ఒకే ఎత్తుకి వచ్చేసరికి అది కావాలని చేసిన హై ఫేడ్ అయింది. పెళ్ళికొడుకు అద్దంలో చూసుకుని బాగుందనే వెళ్ళాడు. మాస్టారు నాకు తర్వాత కూడా ఏమీ చెప్పలేదు.

అలాగని ఆ మాట దిగిపోయిందా అంటే లేదు. పని సర్దినందుకు రేపు మాస్టారికి దణ్ణం పెడతాను. ఆ మాట మాత్రం నా గురించి ఇంకెవరితోనూ అనొద్దని కూడా అడుగుతాను. ఎలా అడగాలో తెలీడం లేదు. అడగబోతే నా నోటికి కూడా ముందు అదే వస్తుంది.

రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. నాన్న సంగతి తెలుసుగా, ఫోన్లో నాలుగు మాటలు మించవు. చేతివృత్తులవాళ్ళ కోసం కేంద్రం పెట్టిన విశ్వకర్మ పథకంలో ఇంట్లో ఒకరికే అవకాశం అంటే నాన్న పేరే రాయించాం. యాభై దాటాక రోజుకి 500 రూపాయల స్టైపెండ్‌తో క్లాసులో కూర్చుని వచ్చాడు. 15,000 రూపాయల టూల్‌కిట్ ఓచర్‌తో తీసుకున్న కొత్త మిషన్‌ని ఇప్పటికీ టవల్లో చుట్టి దాచుతాడు. ఫేడ్ నాన్నకి రాదు. అందుకే నేను ఇక్కడున్నాను. 2027లో మళ్ళీ పుష్కరాలు, అప్పటికి చెయ్యి కుదరాలిరా అంటుంటాడు.

జరిగింది చెప్పాను. "ఎడమ చెవి వెనకేనా?" అన్నాడు. అవునన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఎల్లుండి సెలవేగా, వచ్చెయ్. నా జుట్టు పెరిగింది. ఆ ఫేడేదో నాకు చెయ్యి."

"మంగళవారం పూట ఇంట్లో క్షవరమా?" అని వెనకనుంచి అమ్మ.

"నువ్వుండవే" అన్నాడు నాన్న.

మిషన్‌కి నూనె అయిపోయింది. రేపు షాపు నుంచి వచ్చేటప్పుడు తేవాలి.