స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్: బోడిగా మారిన కుండీని మళ్లీ నింపడం

మొదటి వారం

పూసల్లాంటి గుండ్రటి ఆకులుండే స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్ మొక్క తీగలు కిందికి బాగానే దిగాయి, కుండీ పైభాగం మాత్రం బోడిగా ఉంది. ఈ మొక్కకు తరచూ వచ్చే ఇబ్బంది ఇదే. వేలాడే తీగలు ఎంత పొడవున్నా, మొక్క ప్రాణమంతా మట్టిని ఆనుకుని ఉన్న పైభాగంలోనే ఉంటుంది. దీని సొంత ప్రాంతం దక్షిణాఫ్రికాలోని ఎండు నేలలు. అక్కడ ఇది పొదల నీడలో, రాళ్ల సందుల్లో నేల మీద పాకుతూ, మట్టి తగిలిన కణుపు దగ్గరల్లా వేళ్లు వేస్తుంది. కాబట్టి కొత్త మొక్క అక్కర్లేదు, వేలాడే తీగలనే కత్తిరించి పైన పరిస్తే సరిపోతుంది.

కుండీ 12 సెం.మీ. వెడల్పు, 8 సెం.మీ. లోతు ఉన్న మట్టిది, అడుగున రంధ్రం తప్పనిసరి. వేళ్లు పైపైనే ఉంటాయి, లోతు కుండీలో అడుగు మట్టి రోజుల తరబడి ఆరదు. మిశ్రమానికి కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), పెర్‌లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు), కడిగిన ముతక ఇసుక సమపాళ్లలో, పైన పిడికెడు వర్మీకంపోస్ట్. సన్న ఇసుక అసలు వద్దు, అది సందులన్నీ మూసేసి నీటిని పట్టి ఉంచుతుంది. మట్టి అంచుకు 1 సెం.మీ. దిగువ వరకు ఉండాలి. అంతకన్నా కిందికి ఉంటే అంచు నీడ పడుతుంది, గాలి ఆడదు, మొదలు కుళ్లుతుంది.

10 సెం.మీ. ముక్కలు కత్తిరించి, కోసిన చోటు ఎండేదాకా ఒకటి రెండు రోజులు నీడలో ఉంచాలి. తర్వాత తడిపిన మట్టి మీద చుట్టలా పరిచి, యు ఆకారంలో వంచిన పేపర్ క్లిప్పులతో కణుపులు మట్టికి తగిలేలా గుచ్చాలి. పూసలను మట్టిలో పూడ్చకూడదు, కుళ్లిపోతాయి.

మూడో వారం

పైపైన స్ప్రే చేస్తూ వచ్చాక, తీగను మెల్లగా లాగితే పట్టు తెలుస్తోంది, వేళ్లు దిగాయన్నమాట. ఇక స్ప్రే ఆపేయాలి. ఇక్కడి నుంచి నీళ్లు పోస్తే అడుగున కారేంత పోయాలి, మట్టి పూర్తిగా ఆరేదాకా మళ్లీ ముట్టుకోకూడదు.

ఎప్పుడు పోయాలో పూసే చెబుతుంది. ప్రతి పూసా ఒక ఆకే. దాని మీద ఒక పక్క నిలువుగా, లోపలికి వెలుతురు పోనిచ్చే పారదర్శకమైన గీత ఉంటుంది. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు అది వెడల్పుగా, మెరుస్తూ కనిపిస్తుంది. దాహం వేస్తే సన్నబడి, మూసుకుపోయినట్టు అవుతుంది. పూస ముడతలు పడేది ఆ తర్వాతే. వారానికి ఒకసారి అనే లెక్క కన్నా ఈ గీతే నమ్మకమైన గుర్తు.

అసలు చిక్కు ముడతల దగ్గరే వస్తుంది. పూసలు ముడుచుకుని మట్టి ఎండిపోయి ఉంటే దాహం. నీళ్లు పోస్తే కొద్ది రోజుల్లో బిగుస్తాయి. పూసలు ముడుచుకున్నా మట్టి తడిగానే ఉంటే వేళ్లు చచ్చిపోయాయి, నీళ్లు పీల్చే దారి లేదు. అప్పుడు మళ్లీ నీళ్లు పోయడమే ఈ మొక్కలను ఎక్కువగా చంపుతుంది. మొదలు పట్టుకుని చూడండి. మెత్తగా, గాజులా కనిపిస్తే ఆ భాగం పోయినట్టే. గట్టిగా ఉన్న చోట కోసి, ముక్కలను మొదటి వారంలో చెప్పినట్టే మళ్లీ పరవాలి.

రెండో నెల

కొసల్లో చిన్న చిన్న పూసలు వస్తున్నాయి. వెలుతురు కిటికీలోంచి నేరుగా కుండీ పైభాగం మీద పడాలి. కుండీని కిటికీ పైఅంచు కన్నా ఎత్తులో వేలాడదీస్తే తీగలకే వెలుతురు, పైన చీకటి, మళ్లీ బోడే. ఉదయపు ఎండ రెండు మూడు గంటలు మంచిది, మిట్టమధ్యాహ్నపు ఎండకు పూసలు కమిలిపోతాయి. పూసల మధ్య దూరం పెరుగుతుంటే వెలుతురు చాలడం లేదని అర్థం.

కణుపుల దగ్గర తెల్లటి దూది కనిపిస్తే అది పిండినల్లి అనే రసం పీల్చే పురుగు. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, వారం తర్వాత మళ్లీ చూడాలి, గుడ్లు మిగిలి ఉంటాయి. చేతులకు గ్లవ్స్ ఉంటే మంచిది, రసం కొందరి చర్మానికి పడదు. తింటే విషం కూడా, పిల్లలకూ పిల్లులకూ అందని ఎత్తులో పెట్టాలి.

ఇక ఎదిగే కాలమంతా నెలకోసారి, డబ్బా మీద చెప్పిన మోతాదులో సగం ద్రవ ఎరువు. తీగలు 30 సెం.మీ. దాటగానే కొసలు కత్తిరించి, ముక్కలను పైన ఖాళీగా ఉన్న చోట్ల గుచ్చడమే.