మకతేయా: ఖాళీ చేసిన దీవి

పసిఫిక్‌లో ఫ్రెంచి పాలనలో ఉన్న తహితీ దీవి, అక్కడి పపేతే రేవులో సాయంత్రం ఎక్కిన సరుకుల ఓడ తెల్లవారే వేళకు మకతేయాను చూపించింది. మకతేయా ఉన్న టువామోటు దీవులంటే నీటికి రెండు మూడు మీటర్ల ఎత్తున, కొబ్బరిచెట్లు తప్ప మరేమీ కనపడని పగడపు వలయాలని చదివి వెళ్లాను. ఇది వాటి తోబుట్టువులా లేదు. సముద్రంలోంచి నిటారుగా లేచిన తెల్లటి కోటగోడ, కొన్నిచోట్ల ఎనభై మీటర్ల ఎత్తు. తహితీ అగ్నిపర్వతాల బరువుకు సముద్రపు నేల అక్కడ కుంగి, ఇక్కడ ఉబ్బిందని, దాంతో నీటిలో పెరిగిన పగడపు దిబ్బ పైకి లేచిందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. పరుపు మీద ఒక మూల బరువైన మనిషి కూర్చుంటే పక్కన ఉబ్బుతుందే, అలాగన్నమాట. పసిఫిక్‌లో ఇలా పైకి లేచిన పగడపు సున్నపురాయిని ‘మకతేయా’ అనే అంటారు.

తెమావో రేవు అని పేరే గాని, ఓడ ఒడ్డును ఆనుకోదు. గట్టు దాటగానే సముద్రం అగాధం. మమ్మల్ని, పిండి బస్తాలను, గ్యాసు బండలను ఒకే పడవలోకి దించారు. నేను బస్తాల కంటే కాస్త ఎక్కువ కేకలు పెట్టానని పడవవాడి నవ్వును బట్టి అర్థమైంది. ఒడ్డున తుప్పు పట్టిన ఇనుము, అలల దెబ్బలకు విరిగిన కాంక్రీటు స్తంభాలు. ఒకప్పుడు ఓడల్లోకి ఫాస్ఫేట్, అంటే ఎరువుకు వాడే ఖనిజం, నింపిన కట్టడాల మిగులు అది.

నాకు గది ఇచ్చిన పెద్దావిడను ఊరంతా ‘మామా’ అని పిలుస్తుంది. తహితీ వాళ్లకు పెద్ద వయసు ఆడవాళ్లందరూ మామాలే. ఆ మాట మన చెవికి మగవాడిది కదా, ఆమెను అలా పిలవడానికి నాకు నోరు రావడానికి ఒక పూట పట్టింది. ఆమె మనవడే నాకు దారి చూపించాడు. ఇరవై ఏళ్ల కుర్రాడు. వాళ్ల ముత్తాత ఇక్కడి గనుల్లో పనిచేశాడట.

గని అనగానే నా కళ్లకు సొరంగం, లిఫ్టు, చీకటి కనపడతాయి. ఇక్కడ అవేవీ లేవు. వైతెపావువా ఊరు దాటి అడవిలోకి నడిచాక అతను చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపాడు. అడుగు దూరంలో నేల లేదు. బావి లాంటి గుంత, దాని పక్కన మరొకటి, దాని వెనక ఇంకొకటి. మధ్యలో కత్తి అంచుల్లాంటి సున్నపురాతి మొనలు. ఒక గుంతకూ ఇంకో గుంతకూ మధ్య కొన్నిచోట్ల పాదం పట్టేంత రాయే మిగిలింది. దీవి ఉత్తర భాగమంతా ఇదే తీరు. పది లక్షలకు పైగా గుంతలని చెబుతారు. లెక్కపెట్టిన వాళ్లెవరో గాని, చూస్తే నమ్మాలనిపిస్తుంది.

‘‘ఇన్ని ఎలా తవ్వారు?’’ అన్నాను.

‘‘తవ్వలేదు, ఖాళీ చేశారు,’’ అన్నాడు.

ఆ ఒక్క మాటతో నా చూపు మారింది. వాన నీరు సున్నపురాయిని కరిగించి చేసిన గుంతలివి. మనుషులు ఈ దీవికి రాకముందే వాటిలో ఫాస్ఫేట్ ఇసుక నిండింది. గాదెల్లో ధాన్యం ఉన్నట్టు ఉండేదట. మొనల మధ్య ఇరుకులోకి పెద్ద యంత్రాలు రావు. అందుకే మనిషి పారతో దిగి, బకెట్టు నింపి పైకి పంపేవాడు. పైన మరో మనిషి దాన్ని తోపుడు బండిలో పోసుకుని, గుంతల మీద పరిచిన పలకల మీదుగా నడిచేవాడు. కింద చూడకుండా, రోజంతా, ఆ ఎండలో. ఫ్రెంచి కంపెనీ ఒకటి 1908లో ఏర్పడి, 1966 వరకు ఈ పని చేయించింది. బయటికి వెళ్లిన ఫాస్ఫేట్ దాదాపు కోటీ పది లక్షల టన్నులు. చైనా, వియత్నాం, జపాన్, కుక్ దీవుల నుంచి కూలీలు వచ్చారు. ఒక దశలో మూడు వేల మందికి పైగా ఉన్న ఈ దీవిలో ఇప్పుడు వంద మంది కూడా లేరు.

ఒక గుంత అంచున నా కెమెరా మూత జారింది. రాయికి తగిలి ఒకసారి, ఇంకా కిందికి పోయి మరోసారి మోగింది. ఆ తర్వాత చప్పుడు లేదు. దిగి తెస్తానని కుర్రాడు అన్నాడు. వద్దని గట్టిగా చెప్పాను. అయినా ఆ మూతకు ఎవరో ఒకరు దిగాలి అన్నట్టు కాసేపు గుంత వైపే చూస్తూ నిలబడ్డాడు.

నేను రైతు ఇంట పుట్టినవాణ్ణి. భాస్వరం బస్తా వీపు మీద వేసుకుని చేనుకు మోసిన రోజులున్నాయి. అది ఎక్కడిదో ఏనాడూ అడగలేదు. ఈ దీవి ఫాస్ఫేట్ మా చేనుకు రాలేదు, జపాన్ పొలాలకూ న్యూజిలాండ్ పచ్చిక బయళ్లకూ పోయింది. కానీ ఫాస్ఫేట్‌ను గంధకామ్లంతో కలిపి ఎరువు చేసే పద్ధతి చాలాచోట్ల ఒకటే. బస్తా కుట్టు విప్పితే వచ్చే ఆ ఘాటు వాసన ఇక్కడ నిలబడ్డప్పుడు గుర్తుకు వచ్చింది.

గనులు మూసిన 1966లోనే ఫ్రాన్స్ ఇదే టువామోటుల్లోని మొరురోవా పగడపు వలయంలో అణు పరీక్షలు మొదలుపెట్టింది. ఇక్కడి కూలీల్లో చాలామంది అటు పనికి మళ్లారు. ఈ మాట మామా చాలా మామూలుగా, గిన్నెలు కడుగుతూ చెప్పింది. నాకు మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు.

అడవి మాత్రం తొందరగా తిరిగి వచ్చేసింది. గుంతల లోపల్నుంచే చెట్లు పైకి వచ్చాయి. మరెక్కడా లేని ఒక ఆకుపచ్చ పావురం ఈ దీవి మీదే బతుకుతోంది. తుప్పు పట్టిన రైలింజను బాయిలర్ మీద ఫెర్న్ మొక్కలు పెరిగాయి. ఆ ఇంజనెక్కి ఫొటో దిగమన్నాడు కుర్రాడు. నేను దిగలేదు. ఎందుకో వాళ్ల ముత్తాత పని చూసి వచ్చాక ఆ వేషం వేయాలనిపించలేదు.

మళ్లీ తవ్వుతామని ఈ మధ్య కాలంలో ఒక ప్రతిపాదన వచ్చింది. ఊరు రెండుగా చీలింది. పని వస్తుందనేవాళ్లు ఒకవైపు, నీరూ అడవీ పోతాయనేవాళ్లు మరోవైపు. మామా ఇంట్లోనే రెండు వర్గాలు ఉన్నాయి. ఆమె ఏ వైపో అడిగితే, కొబ్బరి పీత ముక్కను నా పళ్లెంలో వేసి, ‘‘తిను, చల్లారిపోతుంది’’ అంది.

మూడో రోజు ఓడ వచ్చింది, చెప్పిన సమయం కంటే ఐదు గంటలు ఆలస్యంగా. ఈసారి పడవలో నా పక్కన ఎండు కొబ్బరి బస్తాలు.