టికింటర్‌లో విండో వెడల్పు 1 అని ఎందుకొస్తుంది?

పైథాన్‌లో విండోలు, బటన్లు తయారుచేసే లైబ్రరీ టికింటర్. అందులో విండో తయారుచేసిన మరుక్షణమే దాని వెడల్పు చెప్పే విన్‌ఫో_విడ్త్‌ని అడిగితే 1 అని వస్తుంది. ఎత్తు అడిగినా అంతే. ఇది బగ్ కాదు. విండో ఇంకా తెర మీదికి రాలేదు, లోపలి బటన్లకూ లేబుళ్లకూ ఎంత చోటు కావాలో లెక్క తేలలేదు. ఆ లెక్కను టికింటర్ తీరిక దొరికినప్పుడు చూద్దామని పక్కన పెడుతుంది. పక్కన పెట్టిన ఆ లెక్కను వెంటనే చేయించే అప్‌డేట్_ఐడిల్‌టాస్క్స్ పిలిచి, ఆ తర్వాత అడగండి.

విండోను తెర మధ్యలో తెరవాలంటే ముందు విత్‌డ్రాతో దాచి, లెక్క కట్టి, జామెట్రీతో సైజు, చోటు ఇచ్చి, డీఐకానిఫైతో చూపించాలి. లేకపోతే ఓ మూల మెరిసి మధ్యలోకి దూకుతుంది. దాచిన విండోకి విన్‌ఫో_రెక్‌విడ్త్ వాడాలి. అది లోపలి సామానుకు కావలసిన వెడల్పు చెబుతుంది. 1366 పిక్సెళ్ల తెర మీద 800 వెడల్పు విండోకి ఎడమ ఖాళీ 283. టైటిల్ బార్ ఎత్తు జామెట్రీ కొలతలో కలవదు, కాబట్టి నిలువునా కాస్త కిందికి జరిగినట్టు కనిపిస్తుంది.

అసలు చిక్కు కాన్ఫిగర్ ఈవెంట్‌తో, అంటే సైజు గానీ చోటు గానీ మారినప్పుడు టికింటర్ పంపే కబురుతో. యూజర్ సైజు మార్చినప్పుడు తెలుసుకోవడానికి దీన్నే రూట్‌కి (ప్రధాన విండోకి) బైండ్ చేస్తాం, అంటే ఈ ఈవెంట్ రాగానే మన ఫంక్షన్ నడిచేలా కడతాం. కానీ ప్రతి విడ్జెట్ (బటన్, లేబుల్ లాంటి భాగం) బైండ్‌ట్యాగ్‌లలోనూ, అంటే దాని ఈవెంట్లు ఎవరెవరికి చేరాలో చెప్పే జాబితాలోనూ, దాని పై విండో ఉంటుంది కనుక, లోపలి ఒక్కో బటన్ సైజు మారినా మీ ఫంక్షన్ పరిగెడుతుంది. కాబట్టి ఫంక్షన్ మొదటి లైన్‌లోనే ఈవెంట్.విడ్జెట్ రూటేనా అని చూసి, కాకపోతే వెనక్కి వచ్చేయాలి. విండోను పక్కకి జరిపినా ఇదే ఈవెంట్ వస్తుంది. పాత వెడల్పు, ఎత్తు దాచుకుని కొత్తవాటితో పోల్చండి. ఆ పోలిక లేకుండా అక్కడే సైజు మారిస్తే, ఆ మార్పు మళ్లీ ఈవెంట్‌ని లేపుతుంది, విండో వణుకుతూ కూర్చుంటుంది.

అంచు పట్టి లాగుతున్నంతసేపూ ఈవెంట్లు వరసగా వస్తూనే ఉంటాయి. బొమ్మను మళ్లీ గీయడంలాంటి బరువైన పనిని ఆఫ్టర్‌తో 150 మిల్లీసెకన్లు వాయిదా వేసి, కొత్త ఈవెంట్ రాగానే పాతదాన్ని ఆఫ్టర్_క్యాన్సిల్‌తో రద్దు చేస్తే చాలు.

అయితే చాలామంది ఈ ఈవెంట్ జోలికి వెళ్లనక్కర్లేదు. విడ్జెట్లను గళ్లలో అమర్చే గ్రిడ్‌లో అడ్డు వరసకూ నిలువు వరసకూ వెయిట్ (మిగిలిన చోటులో వాటా) 1 ఇచ్చి, విడ్జెట్ గడిలో ఏ అంచులకు అంటుకోవాలో చెప్పే స్టిక్కీలో నాలుగు దిక్కులూ పెడితే విడ్జెట్లు వాటంతటవే సాగుతాయి. వెయిట్ మరిచిపోతే స్టిక్కీ ఉన్నా ఏమీ సాగదు. విండో మరీ చిన్నది కాకుండా మిన్‌సైజ్ కూడా పెట్టండి. విండో సైజు మార్చే వీల్లేకుండా రీసైజబుల్‌ని ఫాల్స్ చేసి తాళం వేయడం నాకు నచ్చదు: తెలుగు లేబుళ్లకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కనుక ఇంగ్లిష్ కొలతలతో బిగించిన డబ్బాలో అవి తెగిపోతాయి.

విండోస్‌లో స్కేలింగ్ (తెర మీద అన్నిటినీ పెద్దవి చేసి చూపించే సెట్టింగ్) 150 శాతం ఉంటే 1920 పిక్సెళ్ల తెరను మీ ప్రోగ్రామ్ 1280గా చూడవచ్చు, అక్షరాలు మసకబారతాయి. రూట్ తయారుచేయకముందే విండోస్ ఫంక్షన్లను పైథాన్ నుంచి పిలవనిచ్చే సీటైప్స్ ద్వారా సెట్‌ప్రాసెస్‌డీపీఐఅవేర్‌నెస్‌ని 1తో పిలవాలి. తర్వాత పిలిస్తే ఆలస్యమైనట్టే.